హైదరాబాద్ చేరిన ఆదికాండం: హెబ్రీయుల తొలి చరిత్ర

అబ్దుల్లా కుతుబ్‌షా గోల్కొండను ఏలుతున్న కాలంలో, 1647లో, 'దబిస్తాన్-ఎ-మజాహిబ్' గ్రంథకర్త హైదరాబాద్‌లో సర్మద్ అనే కవిని కలిశాడు. దబిస్తాన్ పారసీక భాషలో రాసిన మత చరిత్ర. పార్సీలు, హిందువులు, టిబెట్ వారు, క్రైస్తవులు, ముస్లింలు ఏమేం నమ్ముతారో ఆయా మతాల వాళ్లనే అడిగి తెలుసుకుని రాయాలన్నది దాని రచయిత పట్టుదల. యూదుల గురించి అడగడానికి ఆయనకు తగిన మనిషి హైదరాబాద్‌లో దొరికాడు. సర్మద్ ఇరాన్‌లోని కాషాన్ పట్టణపు యూదు కుటుంబంలో పుట్టి, యూదుల ధర్మశాస్త్రమైన తోరా చదువుకుని, తర్వాత ఇస్లాం స్వీకరించి, వ్యాపారం కోసం సింధు దేశంలోని థట్టా రేవుకు వచ్చాడు. అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ యువకుడిపై ప్రేమతో సర్వం వదిలేసి ఫకీరయ్యాడు. ఇద్దరూ కలిసి లాహోర్ మీదుగా దక్కను చేరారు. అభయ్‌చంద్ గురువు దగ్గర హెబ్రీ గ్రంథాలు నేర్చుకుని, ఆదికాండం మొదటి భాగాన్ని పారసీకంలోకి తెచ్చాడు. సర్మద్ దాన్ని సరిచూశాడు. ఆ అనువాదం దబిస్తాన్‌లోని యూదుల అధ్యాయంలో చేరింది.

ఈ అనువాదం సృష్టితో మొదలై ఆరో అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర, నోవహు దేవుని దయ పొందాడన్న మాటతో ఆగుతుంది. యూదులు తోరాను వారానికొక భాగం చొప్పున ఏడాది పొడవునా ప్రార్థనా మందిరంలో చదువుతారు. మొదటి వారం పాఠం సరిగ్గా ఆ వచనంతోనే ముగుస్తుంది. మతం మారి, ఒంటి మీది బట్టలు కూడా వదిలేసిన సర్మద్‌కు చిన్ననాటి పాఠం హద్దులు గుర్తున్నాయన్నమాట. 1661 ప్రాంతంలో ఔరంగజేబు ప్రభుత్వం ఆయనకు ఢిల్లీలో మరణశిక్ష అమలు చేసింది. సమాధి జామా మసీదు పక్కన ఉంది.

యూదులు ఆ కాలంలో గోల్కొండకు పూర్తిగా కొత్తవారు కారు. కృష్ణా తీరపు గనుల్లో దొరికే వజ్రాలు ఐరోపా చేరే దారిలో యూదు వర్తకుల పాత్ర పెద్దది. పదిహేడో శతాబ్దం చివర మద్రాసులో స్థిరపడిన పోర్చుగీసు యూదులు ప్రధానంగా చేసింది గోల్కొండ వజ్రాల బేరమే. వాళ్లలో ముఖ్యుడైన జాక్ ది పైవా 1687లో మద్రాసులోనే చనిపోయాడు. మరుసటి సంవత్సరం అక్కడ నగరపాలక సభ ఏర్పడినప్పుడు యూదు వర్తకులకూ అందులో స్థానాలు దక్కాయి. అయితే వర్తకుల వల్ల వజ్రాల ధరలు తెలిశాయే తప్ప వాళ్ల గ్రంథం సంగతి తెలియలేదు. ఆ పని చేసింది సర్మద్, అభయ్‌చంద్.

అభయ్‌చంద్ అనువదించిన ఆ అధ్యాయాల్లోనే హెబ్రీయుల తొలి చరిత్రకు సంబంధించిన పెద్ద చిక్కుముడి ఉంది. మొదటి అధ్యాయంలో దేవుడు ఆరు రోజుల్లో వెలుగు, ఆకాశం, చెట్లు, జంతువులు, చివరకు స్త్రీపురుషులను కలిపి సృష్టిస్తాడు. రెండో అధ్యాయంలో వరుస వేరు. ముందు మట్టితో పురుషుడు, తర్వాత తోట, తర్వాత జంతువులు, ఆఖరికి స్త్రీ. దేవుణ్ని పిలిచే పేరు కూడా మారుతుంది. ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్ట్రుక్ 1753లో ఈ తేడాను పట్టుకుని, ఆదికాండం వేర్వేరు మూలాలను కలిపి కూర్చిన గ్రంథమని వాదించాడు. జర్మన్ పండితుడు జూలియస్ వెల్‌హౌజెన్ 1878లో తోరా మొత్తానికీ వర్తించే రూపంలో ఆ వాదాన్ని స్థిరపరచాడు. ఆయన చెప్పిన వివరాల్లో చాలా వాటిని తర్వాతి పండితులు సవరించారు. తోరా ఒక్క చేతి రాత కాదనీ, కొన్ని శతాబ్దాల పాటు పోగై, కూర్పు జరిగి ఇప్పటి రూపానికి వచ్చిందనీ మాత్రం విశ్వవిద్యాలయాల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. కాబట్టి హెబ్రీయుల చరిత్ర రాయాలంటే వాళ్లు తమ గురించి చెప్పుకున్నదీ, నేల తవ్వితే బయటపడినదీ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

వాళ్లు చెప్పుకున్న కథ తెలుగువారిలో చాలామందికి తెలిసిందే. అబ్రాహాము కల్దీయుల ఊరు అనే పట్టణం నుంచి బయలుదేరి కనాను దేశం చేరతాడు. ఆయన కొడుకు ఇస్సాకు, మనుమడు యాకోబు. యాకోబుకే ఇశ్రాయేలు అని మరో పేరు. ఆయన పన్నెండు మంది కొడుకుల నుంచి పన్నెండు గోత్రాలు పుట్టాయి. కరువు వచ్చి వాళ్లు ఐగుప్తుకు వలసపోయారు, అక్కడ ఫరోకు వెట్టివాళ్లయ్యారు. మోషే వాళ్లను విడిపించి, సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం ఇచ్చి, నలభై ఏళ్లు అరణ్యంలో నడిపించాడు. యెహోషువ కనానును జయించి గోత్రాలకు పంచాడు. తర్వాత సౌలు, దావీదు, సొలొమోను రాజులయ్యారు. సొలొమోను యెరూషలేములో దేవాలయం కట్టించాడు.

తవ్వకాలు ఈ కథను అన్నిచోట్లా ఒకేలా బలపరచవు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి బైబిలు బయట ఆధారం లేదు. నిర్గమకాండం ఆరు లక్షల మంది పురుషులు కాలినడకన బయలుదేరారంటుంది. అంతమంది నలభై ఏళ్లు తిరిగిన ఆనవాలు సీనాయి ఎడారిలో కనబడలేదు. 1952 నుంచి 1958 వరకు యెరికో దిబ్బను తవ్విన కాథ్లీన్ కెన్యన్, ఆ పట్టణ ప్రాకారం యెహోషువ కాలమని చెప్పే రోజులకు కొన్ని వందల ఏళ్ల ముందే కూలిపోయిందని తేల్చింది. ఐగుప్తు జ్ఞాపకం మొత్తం కల్పన అనుకోవడం కూడా తొందరపాటే. కనాను నుంచి పశువుల కాపరులూ కూలీలూ నైలు డెల్టాకు వెళ్లి రావడం ఐగుప్తు రాతల్లోనే ఉంది. ఒక చిన్న గుంపు తప్పించుకుని వచ్చి ఉండవచ్చు, వాళ్ల కథను క్రమంగా కొండల్లోని వారంతా తమదిగా చెప్పుకుని ఉండవచ్చు. మహిమ కోరుకునే ఏ జనమూ తన మూలపురుషులను ఊరికే బానిసలుగా ఊహించుకోదు. ఆ ఒక్క కారణానికైనా ఈ జ్ఞాపకాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

ఇశ్రాయేలు పేరు మొట్టమొదట కనబడేది ఐగుప్తు రాతిమీద. ఫరో మెర్నెప్తా తన విజయాలను చెక్కించిన శిలను ఫ్లిండర్స్ పెట్రీ 1896లో థీబ్స్‌లో కనుగొన్నాడు. క్రీ.పూ. 1208 ప్రాంతపు ఆ శాసనం కనానులో ఓడించిన వారి జాబితాలో ఇశ్రాయేలును చేర్చింది. పక్కనున్న పట్టణాల పేర్లకు దేశమని తెలిపే గుర్తు పెట్టిన లిపికారుడు, ఇశ్రాయేలుకు మాత్రం జనమని తెలిపే గుర్తు పెట్టాడు. కోటా రాజధానీ లేకపోయినా, ఫరో లెక్కలోకి ఎక్కేంత జనం అప్పటికే అక్కడ ఉన్నారు.

ఆ జనం ఎక్కడివారో కొండలే చెప్పాయి. 1967 తర్వాత పురావస్తు శాస్త్రవేత్తలు మధ్య కనాను కొండలను అంగుళం అంగుళం గాలించారు. క్రీ.పూ. 1200 తర్వాత, దాదాపు ఖాళీగా ఉన్న ఆ కొండలపై సుమారు 250 చిన్న ఊళ్లు వెలిశాయని తేలింది. ఇళ్లు కొద్ది, రాజభవనం లేదు, పెద్ద గుడి లేదు, విలాస వస్తువులు లేవు. కొండవాలు చదును చేసి మెట్ల పొలాలు కట్టుకున్నారు, రాతిలో తొట్లు తొలిచి వాన నీళ్లు పట్టుకున్నారు, గోధుమ, బార్లీ, ఒలీవ, ద్రాక్ష పండించారు. నది లేని చోట ఆకాశం వైపు చూస్తూ సేద్యం చేయడమంటే ఏమిటో, మోమిన్‌పేట్, తాండూరు వైపు వానను నమ్ముకుని కంది విత్తే రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు. వానను ఇచ్చేదీ ఆపేదీ దేవుడేనన్న మాట ద్వితీయోపదేశకాండంలో అంత బలంగా వినిపించడానికి ఆ నేలే కారణం. దాదాపు ఆ రోజుల్లోనే తెలంగాణలో ఇనుము వాడుకలోకి వచ్చి, జనం రాకాసి గుళ్లని పిలిచే పెద్దరాళ్ల సమాధులు కట్టడం మొదలవుతోంది.

కొండ ఊళ్ల కుండలు, లిపి కనాను సంప్రదాయానివే. బయటి నుంచి దండెత్తి వచ్చిన జాతి గుర్తులు లేవు. ఒక తేడా మాత్రం స్పష్టంగా ఉంది. తీరంలోని ఫిలిష్తీయుల ఊళ్లలో పంది ఎముకలు గుట్టలుగా దొరికితే, కొండ ఊళ్లలో అవి దాదాపు లేవు. మొత్తం మీద తేలేది ఇది. ఇశ్రాయేలీయుల్లో ఎక్కువమంది కనాను వారే. పల్లపు పట్టణాల రాజ్యాలు కూలిపోతున్నప్పుడు కొండలెక్కిన రైతులు, స్థిరపడిన పశుపాలకులు, బహుశా ఐగుప్తు నుంచి వచ్చిన కొందరు కలిసి ఒక జనమయ్యారు. వాళ్లను కట్టిపడేసింది ఒకే రక్తం కాదు, ఒకే కథ, ఒకే దేవుడు.

ఆ దేవుడు యెహోవా. అప్పటికి ఆయన ఒక్కడే ఉన్నాడన్న నమ్మకం ఇంకా స్థిరపడలేదు. సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్ దగ్గర 1975–76లో జరిపిన తవ్వకాల్లో క్రీ.పూ. 800 ప్రాంతపు జాడీల మీద యెహోవా పేరుతో పాటు అషేరా పేరూ ఉన్న ఆశీర్వచనాలు బయటపడ్డాయి. అషేరా కనాను దేవత. ఊరూరా కొండ గుళ్లుండేవి, ఇంటింటా చిన్న మట్టి స్త్రీమూర్తులుండేవి. ఏలీయా, హోషేయ వంటి ప్రవక్తలు బయలు అనే కనాను దేవుడి పూజను అంత తీవ్రంగా ఖండించారంటే జనం దాన్ని అంత విరివిగా చేస్తున్నారనే అర్థం.

దావీదు రాజ్యం ఎంత పెద్దదన్న చర్చ ఇంకా వేడిగానే ఉంది. దావీదు అసలు లేడన్న వాదాన్ని మాత్రం 1993లో దొరికిన తేల్ దాన్ శిల దెబ్బతీసింది. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దపు అరామిక్ శాసనం అది. యూదా రాజును దావీదు వంశం వాడిగా పేర్కొంటుంది, చెక్కించింది శత్రువు. సొలొమోను తర్వాత దేశం రెండుగా చీలిందని బైబిలు చెబుతుంది. ఉత్తరాన పది గోత్రాల ఇశ్రాయేలు, దక్షిణాన యూదా. ఉత్తర రాజ్యంలో పెద్ద గోత్రం ఎఫ్రాయిము కాబట్టి ప్రవక్తలు ఆ రాజ్యం మొత్తాన్నీ ఎఫ్రాయిము అనే పిలిచారు. సంపదలోనూ సైన్యంలోనూ ఉత్తరానిదే పైచేయి. క్రీ.పూ. 853లో కర్కర్ దగ్గర అష్షూరు సేనను ఎదిరించిన కూటమిలో ఇశ్రాయేలు రాజు అహాబు రెండు వేల రథాలు దించాడని అష్షూరు రాజు శాసనమే చెబుతుంది. 1868లో జోర్డాన్‌లోని దీబాన్ దగ్గర బయటపడిన మోయాబు రాజు మేషా శిలలో అహాబు తండ్రి ఒమ్రీ పేరు, యెహోవా పేరు రెండూ ఉన్నాయి.

ఆ బలం అష్షూరు ముందు నిలవలేదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో రాజధాని షోమ్రోను పడిపోయింది. 27 వేల మందికి పైగా జనాన్ని తరలించానని అష్షూరు రాజు రెండో సర్గోను రాయించుకున్నాడు. వాళ్లను హాలహు, గోజాను, హాబోరు నది ప్రాంతాల్లో, మాదీయుల పట్టణాల్లో పెట్టారని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. ఓడిన జాతులను ఊడపెరికి సామ్రాజ్యం మరో మూల నాటడం, వాళ్ల చోట్లో ఇంకెవరినో దింపడం అష్షూరు పద్ధతి. అలా వెళ్లిన వారు ఆయా దేశాల జనంలో కలిసిపోయారు. ఉత్తరాన మిగిలినవారి వారసులమని చెప్పుకునే సమరయులు ఇప్పటికీ గెరిజీము కొండపై పస్కా గొర్రెలను బలి ఇస్తారు. వాళ్ల సంఖ్య వెయ్యికి లోపే.

యూదా మతానికి రూపం వచ్చింది ఈ ఓటమి తర్వాతే. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చిన వాళ్లతో యెరూషలేము కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగింది. వాళ్లు తమ యాకోబు కథలూ ప్రవక్తల మాటలూ వెంట తెచ్చారు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి 46 కోట పట్టణాలు పట్టుకున్నానని రాయించుకున్నాడు. యెరూషలేము మాత్రం చిక్కలేదు. ముట్టడిని తట్టుకోవడానికి రాజు హిజ్కియా తొలిపించిన నీటి సొరంగంలో ఈ రోజుకీ నడవవచ్చు. దాని పొడవు 533 మీటర్లు. రెండు వైపుల నుంచి తొలుస్తూ వచ్చిన పనివాళ్లు ఒకరి కేక ఒకరు విని మధ్యలో కలుసుకున్న సంగతిని సొరంగం గోడపై హెబ్రీలో చెక్కారు. అందులో రాజు పేరు లేదు. పనివాళ్ల శ్రమకే అంకితమైన ఇలాంటి శాసనం ప్రాచీన లోకంలో అరుదు.

క్రీ.పూ. 622లో, యోషీయా రాజు కాలంలో, దేవాలయం మరమ్మతు చేస్తుండగా యాజకుడు హిల్కీయాకు ఒక ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. అది ద్వితీయోపదేశకాండపు తొలి రూపమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాని ప్రకారం యోషీయా కొండ గుళ్లను పడగొట్టించి, దేవాలయంలోని అషేరా స్తంభాన్ని కాల్పించి, బలులన్నీ యెరూషలేములోనే జరగాలని శాసించాడు. ఒక రాజు చేతిలోని పుస్తకం ఆ రాజు కంటే పెద్దదైంది. దాదాపు ఆ రోజుల్లోనే యెరూషలేము పక్కన కేతెఫ్ హిన్నోమ్ సమాధిలో పెట్టిన రెండు చిన్న వెండి రేకులు 1979లో దొరికాయి. సంఖ్యాకాండంలోని యాజకుల దీవెన వాటిపై గీసి ఉంది. బైబిలు మాటలున్న రాతల్లో మనకు దొరికిన అతి పాతవి అవే.

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును, దేవాలయాన్ని తగలబెట్టి, పెద్దలనూ చేతిపని వాళ్లనూ బబులోనుకు తీసుకుపోయాడు. ఆ రోజుల్లో గుడి కూలితే దేవుడూ ఓడినట్టే. యూదులు అలా అనుకోలేదు. తమ దేవుడే తమను శిక్షించాడనీ, బబులోను రాజు ఆయన చేతి కర్ర మాత్రమేననీ ప్రవక్తలు చెప్పారు. అంటే ఆ దేవుడు అన్ని దేశాలకూ దేవుడు, మరో దేవుడు లేడు. ఏకేశ్వరవాదం ఇంత తేటగా మొదట వినిపించేది చెరలో పలికిన యెషయా గ్రంథపు రెండో భాగంలోనే. బలిపీఠం లేని చోట సబ్బాతు అనే విశ్రాంతి దినం, సున్నతి, ఆహార నియమాలు, చదువు మతానికి ఆధారమయ్యాయి. యూదు మతం చరిత్రలో ఇంత కీలకమైన ఘట్టం మరొకటి లేదు. రాజ్యమూ గుడీ పోయినా బతకగల మతాన్ని వాళ్లు కాందిశీకులుగా ఉంటూ కట్టుకున్నారు.

క్రీ.పూ. 539లో పారసీక చక్రవర్తి కోరెషు బబులోనును జయించి, వెళ్లదలచిన వారిని ఇంటికి వెళ్లనిచ్చాడు. 515లో రెండో దేవాలయం పూర్తయింది. ఐదో శతాబ్దంలో శాస్త్రి ఎజ్రా యెరూషలేము నీటి గుమ్మం ఎదుట ధర్మశాస్త్రాన్ని చదివితే, లేవీయులు జనం మధ్య నిలబడి అర్థం చెప్పారు. అదే ఎజ్రా, అన్యజనుల స్త్రీలను పెళ్లాడిన వాళ్లు వారిని విడిచిపెట్టాలని పట్టుబట్టాడు. ఎవరు ఇశ్రాయేలీయులన్న ప్రశ్న ఇక్కడ మొదటిసారి వంశావళి పట్టికల మీద తేలింది. మోయాబు స్త్రీ అయిన రూతు దావీదుకు ముత్తవ్వ అని చెప్పే చిన్న పుస్తకాన్ని కూడా అదే మతం పవిత్ర గ్రంథాల్లో ఉంచుకుంది. రెండు అభిప్రాయాల మధ్య వాదం అప్పటి నుంచి ఆగలేదు.

ఆ వాదం తెలుగు నేలకు కూడా చేరింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల బైబిలు అనువాదాలతో పాత నిబంధన తెలుగులోకి వచ్చింది. గుంటూరులో లూథరన్లు, ఒంగోలులో బాప్టిస్టులు, నిజాం రాజ్యంలో వికారాబాద్ వైపు మెథడిస్టులు దాన్ని మాదిగ, మాల వాడలకు చేర్చారు. వెట్టి నుంచి విడుదలైన జనం కథ, వెట్టి తెలిసిన జనం చెవిన పడింది. ఆ వాడల్లోంచే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కుటుంబాలు కొన్ని తాము షోమ్రోను నుంచి చెరపట్టి తీసుకుపోయిన ఎఫ్రాయిము గోత్రం వారమని ప్రకటించుకున్నాయి. తమను తాము బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకుంటారు. 1991లో అక్కడ ప్రార్థనా మందిరం వెలిసింది. షమూయేలు యాకోబీ, సాదోకు యాకోబీ అనే సోదరులు దీనికి నాయకత్వం వహించారు. పెద్దవాడైన షమూయేలు ఈ చరిత్రను 2002లో పుస్తకంగా రాశాడు. వాళ్ల కథనం ప్రకారం పూర్వీకులు అష్షూరు నుంచి పారసీకం, ఉత్తర భారతం మీదుగా తెలుగు దేశం చేరి, ఇక్కడి కుల వ్యవస్థలో అట్టడుగుకు పడిపోయారు. గొడ్డుమాంసం తినడం మొదలైన ఆచారాలను ఆ పాత జీవితపు గుర్తులుగా చూపుతారు.

అష్షూరు నుంచి కృష్ణా తీరం దాకా ఆ దారిని చూపే శాసనం గానీ పాత గ్రంథం గానీ లేదు. చరిత్రకారుడు ఆ మాట దాచకూడదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ ఆ ఊళ్లో పరిశోధన చేసి 2013లో ప్రచురించిన పుస్తకం, వంశం నిజమా కాదా అని తీర్పు చెప్పడం కంటే, అంటరానితనాన్ని ఎదుర్కొన్న జనం తమ గతాన్ని తామే చెప్పుకునే హక్కును ఎలా తీసుకున్నారో చూపింది. ఆ చూపే సరైనది. మెర్నెప్తా నాటి కొండ ఊళ్లవాళ్లు కూడా ఒక రక్తం పంచుకుని ఇశ్రాయేలీయులు కాలేదు, ఒక విమోచన కథను తమదిగా చేసుకుని అయ్యారు.

కొత్తరెడ్డిపాలెంలో శుక్రవారం పొద్దుగూకాక సబ్బాతు మొదలవుతుంది. ప్రార్థనలు కొన్ని హెబ్రీలో, కొన్ని తెలుగులో సాగుతాయి, పిల్లలకు హెబ్రీ అక్షరాలు నేర్పుతారు. మిజోరం, మణిపూర్‌లలో మనష్షే గోత్రం వారమని చెప్పుకునే జనాన్ని ఇశ్రాయేలు అప్పటి ప్రధాన రబ్బీలలో ఒకరైన ష్లోమో అమార్ 2005లో ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించాడు. ఆ తర్వాత, లాంఛనంగా మతం స్వీకరించాలన్న షరతుపై, వాళ్లలో వేలమంది ఇశ్రాయేలుకు వలసపోయారు. తెలుగు ఎఫ్రాయిమీయులకు అలాంటి గుర్తింపు రాలేదు.